పాత మారుతి 800, పద్మిని కార్లకు ఏ సైజు టైరు? తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, మహబూబ్‌నగర్ వైపు పాత మారుతి 800లు, ప్రీమియర్ పద్మినిలు ఇంకా రోడ్డు మీద కనిపిస్తూనే ఉన్నాయి. కొన్నిటికి ఏపీ 24, ఏపీ 22 నంబరు ప్లేట్లు కూడా అలాగే ఉన్నాయి. అవి నడిపేవాళ్లు టైరు సైజు గురించి తరచూ అడిగే ప్రశ్నలను వాళ్ల మాటల్లోనే పెట్టి జవాబులు రాశాను. లెక్కలన్నీ టైరు గోడ మీద ఉండే కొలతలను బట్టి కట్టినవి. కంపెనీని బట్టి, అరుగుదలను బట్టి నాలుగైదు మిల్లీమీటర్లు అటూ ఇటూ అవుతాయి.

టైరు మీద 145/70 ఆర్12 అని ఉంటది. అంటే ఏంది?

145 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. నేలకు తగిలే భాగం కాదు, ఉబ్బిన పక్క గోడల మధ్య వెడల్పు. 70 అంటే ఆ పక్క గోడ ఎత్తు వెడల్పులో 70 శాతం అని. ఆర్ అంటే రేడియల్, లోపలి దారాలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకు నేరుగా అడ్డంగా పోయే టైరు. 12 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. మన చేత ఒకే టైరు మీద మిల్లీమీటర్లు, శాతాలు, అంగుళాలు మూడూ చదివిస్తారు. ఎందుకట్లా అంటే జవాబు లేదు, అలవాటైపోయింది.

దీన్నుంచి టైరు మొత్తం ఎత్తు, అంటే వ్యాసం, తేలిగ్గా కట్టొచ్చు. 145లో 70 శాతం 101.5. గోడ పైనా కిందా ఉంటుంది కాబట్టి రెండింతలు, 203. పన్నెండు అంగుళాలు అంటే 304.8 మి.మీ. రెండూ కలిపితే దాదాపు 508 మి.మీ. మారుతి 800 యజమాని ఈ ఒక్క అంకె గుర్తు పెట్టుకుంటే చాలు, కింద జవాబులన్నీ దాని చుట్టే తిరుగుతాయి.

పద్మినికి కంపెనీ ఇచ్చిన సైజు 5.20-14. ఇది పాత క్రాస్‌ప్లై లెక్క, అంటే లోపలి దారాల పొరలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటే టైరు. వెడల్పు కూడా అంగుళాల్లోనే ఉంటుంది, శాతం రాయరు. ఆ టైరు వ్యాసం దాదాపు 610 మి.మీ.

కొంచెం పెద్ద టైరేస్తే ఇంజనుకు ఏం తెలుస్తది? బండి అదే, ఇంజను అదే కదా?

ఇంజను అదే, గేరు మారిపోతుంది. గేరుబాక్సు లోపల పళ్ల చక్రాలు ఎలా ఉన్నా, ఇంజను ఒక చుట్టు తిరిగితే బండి ఎంత దూరం జరుగుతుందన్నది చివరికి తేల్చేది టైరు చుట్టుకొలతే. 508 మి.మీ. టైరు ఒక చుట్టుకు దాదాపు 1,595 మి.మీ. నడుస్తుంది. 537 మి.మీ. టైరు 1,686 మి.మీ. నడుస్తుంది. అంటే అన్ని గేర్లూ ఒకేసారి 5.7 శాతం పొడుగు గేర్లయినట్టు లెక్క. మొదటి గేరు, రివర్సు గేరు కూడా. అదే కొలతలో చక్రం నేలను నెట్టే బలం తగ్గుతుంది, ఇక్కడ దాదాపు 5.4 శాతం.

పెద్ద ఇంజనున్న బండిలో ఐదు శాతం ఎవరికీ తెలియదు. మారుతి 800 ఇంజను 796 సి.సి., మూడు సిలిండర్లు. కార్బురేటరు మోడలు శక్తి నలభై హార్స్‌పవర్ దరిదాపుల్లో ఉంటుంది. పద్మినిది 1,089 సి.సి., దానికి లాగాల్సిన బరువు 900 కిలోలకు దగ్గర. నలుగురిని ఎక్కించుకుని, ఏసీ వేసుకుని, యాదగిరిగుట్ట మీదికి మలుపు తిప్పుతున్నప్పుడు ఈ బండ్ల దగ్గర మిగిలి ఉండే బలమే అంతంత మాత్రం. అందులో ఐదు శాతం పోతే రెండో గేరులో ఎక్కాల్సిన చోట మొదటి గేరు వేయాల్సి వస్తుంది. కదిలేటప్పుడు క్లచ్ కొంచెం ఎక్కువసేపు జారనివ్వాల్సి వస్తుంది, క్లచ్ ప్లేటు తొందరగా అరుగుతుంది. "బండి గుంజుతలేదు" అని కార్బురేటరు విప్పించేవాళ్లు ముందు టైరు మీద అంకెలు చదవాలి. పోయినసారి టైర్లు మార్చినప్పుడే పికప్పు పోయి ఉంటుంది, అది ఎవరికీ తట్టదు.

చిన్న టైరు వేస్తే దీనికి రివర్సు. పికప్పు బాగుంటుంది, గుట్ట హాయిగా ఎక్కుతుంది. కానీ నార్కట్‌పల్లి దాటి విజయవాడ హైవే ఎక్కాక ఇంజను రొద పెడుతుంది. పైగా నేలకూ బండి అడుగుకూ మధ్య ఎత్తు తగ్గుతుంది.

ఎంత మార్పు వరకు పర్వాలేదు?

టైర్ల వ్యాపారంలో వాడుకలో ఉన్న లెక్క: అసలు వ్యాసానికి మూడు శాతం లోపు. మారుతి 800కు మూడు శాతం అంటే 15 మి.మీ., పద్మినికి 18 మి.మీ. నా మటుకు నేను పెద్ద వైపుకు రెండు శాతం దాటొద్దంటాను. చిన్న ఇంజను బండికి ఆ మూడో శాతం దేవరకొండ గుట్టల్లో తెలుస్తుంది.

మా ఊరి స్పీడు బ్రేకర్లకు 800 కడుపు తగులుతది. 145/80 వేసుకోవచ్చా?

దక్షిణ తెలంగాణలో అందరికంటే ఎక్కువ మంది అడిగేది ఇదే, అడగడానికి కారణమూ ఉంది. ఊరు మొదట్లో ఒకటి, బడి ముందర ఒకటి, గుడి ముందర ఒకటి, ఎవరింటి ముందు వాళ్లు సిమెంటుతో కట్టుకున్నది ఇంకొకటి. వరి కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, బండి అంచుకు దింపాల్సి వస్తుంది.

145/80 ఆర్12 వ్యాసం దాదాపు 537 మి.మీ. అసలు టైరు కంటే 29 మి.మీ. ఎక్కువ. కానీ బండి లేచేది అందులో సగమే, పద్నాలుగున్నర మిల్లీమీటర్లు. మిగతా సగం పైన మడ్‌గార్డు వైపుకు పోతుంది. అంటే మీకు దక్కేది సెంటీమీటరున్నర ఎత్తు, ఇచ్చుకునేది అన్ని గేర్లలో ఐదు శాతం బలం. ఆల్టో 800కు ఇదే సైజు వచ్చింది కాబట్టి ఏ షాపులోనైనా దొరుకుతుంది. రిమ్ము కూడా పన్నెండే కాబట్టి మార్చే పని లేదు. అందుకే ఇంతమంది వేస్తున్నారు.

మీ తిరుగుడంతా ఊరికీ మండలానికీ మధ్య, నేల చదును, ఎక్కువగా ఒక్కరో ఇద్దరో అయితే వేసుకున్నా పెద్దగా బాధ ఉండదు. నాలుగు చక్రాలకూ వేయండి. వేశాక స్టీరింగు రెండు వైపులా పూర్తిగా తిప్పి, ముందు టైరు లోపలి ప్లాస్టిక్ తొడుగుకో మడ్‌గార్డు అంచుకో రాసుకుంటున్నదేమో చూడండి. వెనక సీట్లో ముగ్గురిని కూర్చోబెట్టి, ఒక గుంతలో దింపి మళ్లీ చూడండి. ఖాళీ బండిలో తగలనిది లోడులో తగులుతుంది.

అయితే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. చాలా 800లు కిందికి దిగింది టైరు వల్ల కాదు, ముప్పయ్యేళ్ల స్ప్రింగులు కుంగిపోవడం వల్ల. స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు మార్పిస్తే పోయిన ఎత్తు తిరిగి వస్తుంది, పికప్పు ఎక్కడికీ పోదు. డబ్బు ఒకదానికే ఉంటే నేను స్ప్రింగులకే పెడతాను.

155/65 ఆర్12, 155/70 ఆర్12 సంగతేంది?

155/65 ఆర్12 వ్యాసం 506 మి.మీ., అసలుతో దాదాపు సమానం. కొంచెం వెడల్పు కావాలనుకుంటే, దొరికితే, లెక్క తప్పని సైజు ఇది. 155/70 ఆర్12 అయితే 522 మి.మీ., 2.8 శాతం ఎక్కువ, మూడు శాతం గీత లోపలే. ఎత్తు ఏడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఈ రెండూ చిన్న ఊళ్ల షాపుల్లో ఎప్పుడూ ఉండవు, చెప్పి తెప్పించుకోవాలి. అన్నిటికంటే నిశ్చింతైన పని 145/70 ఆర్12నే వెతికి వేసుకోవడం.

పదమూడు అంగుళాల అల్లాయ్ రిమ్ములు వేస్తే బండి మంచిగ కనిపిస్తది. వేయనా?

కనిపించడం వరకు నిజమే. మొదట లెక్క చూడండి. 155/65 ఆర్13 వ్యాసం 532 మి.మీ., 4.7 శాతం ఎక్కువ. జెన్‌కు వచ్చే 145/70 ఆర్13 అయితే 533 మి.మీ., ఐదు శాతం. 155/80 ఆర్13 వేస్తే 578 మి.మీ., దాదాపు పద్నాలుగు శాతం. ఇంత తేడాతో 800 నాలుగో గేరులో ఎదురుగాలికి కూడా ఆగిపోతుంది, మూడో గేరే దానికి టాప్ గేరు అనుకోవాలి.

రెండోది బరువు. చౌక అల్లాయ్‌లు తేలిగ్గా ఉంటాయన్న నమ్మకం ఒకటి ఉంది. చాలా వాటిని పన్నెండు అంగుళాల ఇనుప రిమ్ము పక్కన పెట్టి తూకం వేస్తే అల్లాయ్‌లే ఎక్కువ బరువు. చక్రం అంచు దగ్గర పెరిగిన బరువు డిక్కీలో పెట్టిన బరువు లాంటిది కాదు. దాన్ని ముందుకు నెట్టాలి, తిప్పాలి కూడా. బ్రేకు వేస్తే ఆ రెండూ ఆపాలి. 650 కిలోల బండికి నాలుగు చక్రాలు తలా రెండు కిలోలు పెరిగినా నడిపేవాడికి తెలుస్తుంది.

మూడోది రిమ్ము కూర్చునే లోతు. 800 బోల్టుల వలయం 114.3 మి.మీ., నాలుగు బోల్టులు. బోల్టులు కుదిరాయంటే రిమ్ము కుదిరినట్టు కాదు. రిమ్ము బయటికి పొడుచుకొస్తే వీల్ బేరింగు మీద బరువు పడే చోటు మారుతుంది, స్టీరింగు గుంతకు చేతిని గుంజుతుంది, టైరు మడ్‌గార్డు దాటి బురద అద్దాల మీదికి చిమ్ముతుంది.

వెడల్పు టైరుకు గ్రిప్పు ఎక్కువ కదా?

పొడి తారు రోడ్డు మీద, వేగంగా మలుపు తిప్పేటప్పుడు, కొంత నిజం. కానీ వెడల్పు పెరిగినంత మాత్రాన నేలకు తగిలే వైశాల్యం అదే పాళ్లలో పెరగదు. ఆ వైశాల్యాన్ని ఎక్కువగా తేల్చేది బండి బరువు, టైరులో గాలి. వెడల్పు టైరుతో ఆ మచ్చ అడ్డంగా సాగి, నిలువునా పొట్టిదవుతుంది, అంతే. తేలిక బండి కింద వెడల్పు టైరు పెడితే ఒక్కో అంగుళం మీద పడే ఒత్తిడి తగ్గుతుంది. వాన నీళ్లు నిలిచిన రోడ్డు మీద అది నీళ్లను చీల్చుకుని నేలను పట్టుకోవడానికి బదులు నీళ్ల మీద తేలుతుంది. సన్న టైరు కోసుకుపోతుంది. పొలం బాటల్లో, వానకు మెత్తబడిన ఎర్ర చెల్కలో కూడా సన్న టైరే అడుగు గట్టిని అందుకుంటుంది.

ఇంకా ఉంది. ఈ బండ్లకు పవర్ స్టీరింగు లేదు. పద్మిని స్టీరింగు పెట్టె, కింగ్‌పిన్నులు (ముందు చక్రాలు పక్కకు తిరిగే కడ్డీలు) సన్న క్రాస్‌ప్లై టైర్లను తిప్పడానికి తయారైనవి. 185 టైరు వేసి సంతలో బండి వెనక్కి తిప్పి చూడండి, భుజాలే చెబుతాయి. అద్దంకి రోడ్డు మీద వాడపల్లి వైపు సిమెంటు లారీలు తిరిగి తిరిగి రోడ్డులో గాళ్లు పడ్డ చోట వెడల్పు టైరు ఆ గాడి వెంబడే పోదామని స్టీరింగును లాగుతుంది. అరిగిన కింగ్‌పిన్నుతో అది భయం పుట్టించే పనే.

సన్న రిమ్ము మీద వెడల్పు టైరు ఎక్కించడం ఇరుకు చెప్పులో కాలు దూర్చినట్టే. టైరు నడుమ ఉబ్బి, నడుమే అరుగుతుంది, మలుపులో గోడ పక్కకు వాలుతుంది. ఏ టైరుకు ఎంత వెడల్పు రిమ్ము ఉండాలో కంపెనీ పట్టికలో ఉంటుంది. షాపువాణ్ని అడిగి, మీ రిమ్ము లోపలి అంచు నుంచి అంచుకు కొలిచి, అప్పుడు తీసుకోండి.

స్పీడు మీటరు తప్పు చూపిస్తదా?

చూపిస్తుంది. ఈ బండ్లలో మీటరు కేబులు గేరుబాక్సు నుంచి వస్తుంది. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో దానికి తెలుసు, చుట్టుకు ఎంత దూరమో తెలియదు. 145/80 వేసిన 800 మీటరు మీద 80 ఉంటే బండి దాదాపు 84.6లో పోతున్నట్టు. చాలా మీటర్లు కొత్తలోనే కాస్త ఎక్కువ చూపించేలా చేసి ఉంటాయి కాబట్టి కొందరికి ఈ తేడా కనబడదు. ఫోనులో జీపీఎస్ స్పీడు పక్కన పెట్టి, నేరుగా ఉన్న రోడ్డు మీద, పక్క సీటు మనిషిని చూడమంటే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

పెద్ద టైర్లేస్తే మైలేజీ పెరుగుతదంటరు. మావోడు తగ్గిందంటడు. ఎవరి మాట నిజం?

ఇద్దరూ నిజాయితీగానే చెబుతుండొచ్చు. లెక్కే తప్పు. నల్లగొండ నుంచి హైదరాబాద్ పోయి వంద కిలోమీటర్లు నిజంగా తిరిగారనుకోండి, ఐదున్నర లీటర్లు పట్టిందనుకోండి. నిజం మైలేజీ 18.2. కానీ పెద్ద టైరుతో మీటరు వందకు బదులు 94.6 మాత్రమే చూపిస్తుంది. దాన్ని భాగిస్తే 17.2 వస్తుంది. లీటరుకు ఒక కిలోమీటరు కాగితం మీదే పోయింది. చిన్న టైరు వేసినవాడికి ఇదే తిరగబడి, లేని మైలేజీ కనిపిస్తుంది. టైరు మార్చాక మైలేజీ చూడాలంటే మీటరు కాదు, రోడ్డు మీద కిలోమీటరు రాళ్లో ఫోను మ్యాపో చూడాలి.

ఇక నిజంగా ఏమవుతుంది? హైవే మీద ఒకే వేగంతో పోతే పెద్ద టైరు వల్ల ఇంజను తక్కువ తిరుగుతుంది. నిమిషానికి 3,500 సార్లు తిరిగే చోట దాదాపు 3,310 చాలు. కొంచెం పెట్రోలు మిగలొచ్చు. ఊళ్లలో ఆగుతూ కదులుతూ పోతే, గుట్టలు ఎక్కితే, చిన్న ఇంజను కింది గేర్లలో ఎక్కువసేపు ఉంటుంది, మిగిలింది అక్కడ పోతుంది. జడ్చర్ల నుంచి అలంపూర్ చౌరస్తా దాకా 44వ నంబరు హైవే మీద రోజూ తిరిగేవాడికీ, నల్లగొండ బజారులో తిరిగేవాడికీ ఒకే జవాబు ఉండదు. ఇద్దరికీ సైజు కంటే గాలి సరిగ్గా పెట్టుకోవడం వల్లే ఎక్కువ మిగులుతుంది.

పద్మినికి 5.20-14 దొరుకుతలేవు. ఏం వేయాలె?

క్రాస్‌ప్లై దొరికినా, రోజూ నడిపే బండికి నేను రేడియలే వేయమంటాను. బ్రేకు పడే తీరు, మలుపులో నిలకడ రెండూ మెరుగవుతాయి. ప్రదర్శనలకు పెట్టే బండి అయితే వేరే మాట.

610 మి.మీ. గుర్తు పెట్టుకోండి. 155/80 ఆర్14 వ్యాసం 604 మి.మీ., ఒక శాతం తక్కువ. వెడల్పులోనూ పాత టైరుకు దగ్గర. దొరికితే అదే మొదటి మాట. 165/80 ఆర్14 అయితే 620 మి.మీ., ఒకటిన్నర శాతం ఎక్కువ. ఇది స్విఫ్టు కింది మోడళ్లకు వచ్చిన సైజు కాబట్టి కోదాడలో అడిగినా, వనపర్తిలో అడిగినా దొరుకుతుంది. 175/70 ఆర్14 వ్యాసం 601 మి.మీ., లెక్కకు బాగానే ఉంటుంది కానీ పద్మిని సన్న రిమ్ముకు వెడల్పు ఎక్కువ, స్టీరింగు బరువెక్కుతుంది.

జాగ్రత్త పడాల్సింది వేగనార్ పాత మోడళ్లకు వచ్చిన 155/65 ఆర్14తో. ధర తక్కువ, ఎక్కడైనా దొరుకుతుంది, వెడల్పు చూస్తే సరిపోయినట్టే ఉంటుంది, రిమ్ము కూడా పద్నాలుగే. "పడుతది సార్" అని ఎక్కించేస్తారు. దాని వ్యాసం 557 మి.మీ. మాత్రమే. తొమ్మిది శాతం తగ్గుతుంది, బండి 26 మి.మీ. కిందికి దిగుతుంది. పద్మిని గంభీరమంతా పోయి, మడ్‌గార్డుల్లో చక్రాలు వెతుక్కోవాల్సినట్టుంటుంది. మీటరు 60 చూపిస్తుంటే బండి దాదాపు 55లో పోతుంటుంది, ఇంజను మాత్రం 60కి తిరగాల్సినంత తిరుగుతుంది. ఆ పాత ఇంజనును హైవే మీద అలా నడపడం నాకు నచ్చదు.

రెండు రేడియల్, రెండు పాతవి కలిపి నడపొచ్చా?

ఒకే ఇరుసు మీద కలపొద్దు, ఎట్టి పరిస్థితిలోనూ. నాలుగూ ఒకేసారి కొనలేకపోతే రెండు రేడియల్‌లు వెనక వేసి, క్రాస్‌ప్లైలు ముందు ఉంచండి. తిరగేసి ముందు రేడియల్ వేస్తే మలుపులో వెనక భాగం జారిపోతుంది.

ట్యూబు మంచిదా, ట్యూబ్‌లెస్సా? మా దిక్కు సర్కారు తుమ్మ ముండ్లు ఎక్కువ.

ముల్లు దిగితే ట్యూబు టైరు అక్కడికక్కడే కూలబడుతుంది. ట్యూబ్‌లెస్‌లో ముల్లు లోపలే ఉండి గాలి మెల్లగా పోతుంది, పంక్చరు షాపు దాకా చేరుకోవచ్చు. అచ్చంపేట, చందంపేట వైపు తిరిగేవాళ్లకు ఇది చిన్న సంగతి కాదు. కానీ ట్యూబ్‌లెస్ టైరు గాలి నిలపాలంటే దానికి తగ్గ రిమ్ము ఉండాలి. టైరు అంచు లోపలికి జారిపోకుండా ఆపే మిట్ట ఉండాలి, రిమ్ము అంచుకు తుప్పు, సొట్ట ఉండొద్దు. పాత పద్మిని రిమ్ములకు ఆ మిట్ట ఉండదు కాబట్టి వాటి మీద రేడియల్ వేసినా లోపల ట్యూబు వేయాల్సిందే. అది కూడా రేడియల్‌కు పనికొచ్చే ట్యూబు, సరైన సైజుది. పెద్ద ట్యూబు మడతపెట్టి దూర్చితే మడత దగ్గర రాసుకుని చిరుగుతుంది. ఎక్కించేటప్పుడు టైరు లోపల చెయ్యి పెట్టి లేబుల్ కాగితాలు, గరుకు తీసేయించండి.

శ్రీశైలం ఘాటుకు పాత బండి తీసుకపోతున్న. టైర్ల విషయంల ఏం చూసుకోవాలె?

ఎక్కుడు గురించే అందరూ అడుగుతారు. మన్ననూరు దాటి అడవిలో పోయి, దోమలపెంట, ఈగలపెంట మీదుగా డ్యాం వైపు దిగే మలుపుల్లో అసలు పరీక్ష దిగుడు. పెద్ద టైరు వేస్తే ఇంజను గుంజే బలం తగ్గినట్టే, ఇంజను బండిని పట్టి ఉంచే బలం కూడా అంతే తగ్గుతుంది. రెండో గేరులో దిగుతున్నా బండి ఉరుకుతూ ఉంటుంది, కాలు బ్రేకు మీదికి పోతుంది. బ్రేకు డ్రమ్ము సైజు మారలేదు, టైరు మాత్రం పెద్దదైంది కాబట్టి అదే తొక్కుడుకు నేల దగ్గర ఆపే బలం కూడా ఐదు శాతం తక్కువ. మూడూ ఒకేసారి వచ్చి పడతాయి. పద్మినికి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, వేడెక్కితే పట్టు తగ్గుతుంది. సైజు సరిగ్గా ఉన్న బండి అయినా ఎక్కిన గేరులోనే దిగండి.

మన్ననూరు గేటు రాత్రి తొమ్మిదికి మూస్తే పొద్దున ఆరింటికే తీస్తారు. పెద్దపులుల అభయారణ్యం కాబట్టి మధ్యలో ఆగి టైరు మార్చుకునే చోటు కాదు. స్టెప్నీలో గాలి ఉందో లేదో అచ్చంపేట దగ్గరే చూసుకోండి.

ఎండాకాలం గాలి తక్కువ పెట్టాలంటరు. నిజమా?

కాదు. ఈ సలహా వినిపించని పంక్చరు షాపు లేదు, దీనివల్ల పాడైన టైర్లకూ లెక్క లేదు. గాలి తక్కువైతే పక్క గోడ ఎక్కువగా వంగుతుంది, వంగిన కొద్దీ వేడెక్కుతుంది. నల్లగొండ మే నెలలో 44, 45 డిగ్రీలు చూస్తాం, తారు అంతకంటే వేడిగా ఉంటుంది. దానికి తోడు లోపలి వేడి కలిస్తే గోడ తెగిపోతుంది. పొద్దున, బండి కదలకముందు, కంపెనీ చెప్పినంత గాలి పెట్టించండి. మధ్యాహ్నం ఒకటి రెండు పీఎస్ఐ పెరిగితే తీయించొద్దు. ఐదారు డిగ్రీల వేడికి ఒక పీఎస్ఐ పెరగడం మామూలే, ఆ పెరుగుదలను లెక్కేసుకునే కంపెనీ అంకె ఇచ్చారు. సైజు మార్చినా బండి బరువు మారలేదు కాబట్టి పాత అంకె దగ్గరే మొదలుపెట్టి, రెండు మూడు వేల కిలోమీటర్లయ్యాక అరుగుదల చూడండి. నడుమ అరిగితే గాలి ఎక్కువైనట్టు, రెండంచులూ అరిగితే తక్కువైనట్టు.

టైరు పువ్వు బాగుంది, కానీ పాతది. నడపొచ్చా?

పాత బండ్లకు వచ్చే అసలు జబ్బు ఇదే. బండి తక్కువ తిరుగుతుంది, పువ్వు, అంటే నేలకు తగిలే గాళ్ల భాగం, అరగదు, రబ్బరు మాత్రం ముసలిదవుతుంది. టైరు గోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో ఇరవైమూడో వారం తయారైందని. ఆరేళ్లు దాటితే ఏటా చూపించుకోండి, పదేళ్లు దాటితే పువ్వు నిండా ఉన్నా తీసేయండి. గోడ మీద, గాళ్ల అడుగున సన్న పగుళ్లు కనిపిస్తే ఏళ్లతో పని లేదు. కొత్తవి కొనేటప్పుడు కూడా ఈ తేదీ చూడాలి. 145/70 ఆర్12 లాంటి అమ్మకం తగ్గిన సైజు షాపులో ఏళ్ల తరబడి అటకెక్కి ఉండొచ్చు.

సైజు పక్కనే 69ఎస్ లాంటిది ఉంటుంది. 69 అంటే ఒక టైరు 325 కిలోలు మోస్తుంది, ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్ల దాకా పనికొస్తుంది. మీ 800 ఆ వేగం కలలో కూడా చూడదు కానీ, మోసే అంకె మాత్రం అసలు టైరు కంటే తగ్గొద్దు. ఐఎస్ఐ గుర్తు కూడా చూడండి.

రబ్బరు ఎక్కించిన టైర్లు, సెకండ్ హ్యాండ్ టైర్లు?

రబ్బరు ఎక్కించడం లారీలకు సరే, కారుకు వద్దు. సెకండ్ హ్యాండ్ అయితే తేదీ చూసి, లోపల చెయ్యి పెట్టి అతుకులు తడిమి, అప్పుడు ధర అడగండి.

సైజు మారిస్తే ఆర్టీఓ ఆఫీసులో ఇబ్బందా?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీలో ఉన్నదానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. పదిహేనేళ్లు దాటిన కారు ఆర్‌సీ ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి, అప్పుడు బండి చూస్తారు. మడ్‌గార్డు దాటి బయటికొచ్చిన టైరు, పెద్ద అల్లాయ్‌లు అక్కడ కంట్లో పడతాయి. పువ్వు లోతు 1.6 మి.మీ. కంటే తగ్గకూడదు. గాళ్ల అడుగున ఉండే చిన్న మిట్టలు పువ్వుతో సమానమయ్యాయంటే ఆ గీత వచ్చేసినట్టే. అసలు సైజుకు దగ్గరగా ఉన్నవాళ్లు దీని గురించి ఆలోచించే పనే లేదు.

మొదటి రిజిస్ట్రేషనుకు యాభై ఏళ్లు దాటిన బండ్లకు 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషను ఉంది. పద్మిని అన్న పేరు 1974లో వచ్చింది కాబట్టి మొదటి పద్మినిలు ఇప్పుడే ఆ వయసుకు చేరాయి. మొదటి మారుతి 800లు 1983 చివర్లో వచ్చాయి, వాటికి ఇంకా టైముంది. అంత దూరం ఆలోచించేవాళ్లు అసలు రిమ్ములను అమ్మేయకుండా నూనె రాసి మూలన పెట్టుకోండి.

స్టెప్నీ పాత సైజుదే ఉంది, నాలుగు టైర్లూ మార్చిన. అట్లనే ఉంచొచ్చా?

మూడు శాతం లోపు తేడా అయితే పంక్చరు షాపు దాకా పోవడానికి ఉంచొచ్చు, వేగం తగ్గించి. అయితే ఏ చక్రానికి వేస్తున్నారో చూడాలి. ఇంజను తిప్పే ఇరుసు మీద రెండు టైర్లు వేరు వేరు ఎత్తులో ఉంటే, నేరుగా పోతున్నా డిఫరెన్షియల్ (రెండు చక్రాలను వేరు వేరు వేగంతో తిరగనిచ్చే పళ్ల పెట్టె) లోపలి పళ్లు ఆగకుండా తిరుగుతూ అరుగుతాయి. మారుతి 800ను గుంజేది ముందు చక్రాలు, పద్మినిని నెట్టేది వెనకవి. కాబట్టి 800కు ముందు టైరు పంక్చరైతే, వెనక మంచి టైరు ఒకటి తీసి ముందు వేసి, స్టెప్నీ వెనక వేయండి. పద్మినికి వెనకది పోతే దీన్ని తిరగేయండి. రెండుసార్లు జాకీ ఎత్తాల్సి వస్తుంది, ఎండలో చికాకే. అది వద్దనుకుంటే మార్చేనాడే ఐదో టైరు కూడా అదే సైజుది కొనండి.